సంగమము, సంసారము, సంపర్కము

ఒక మాటకు అర్థమేమని అడుగవచ్చినవారిని ఊరక పంపివేయుట తెలుగు చెప్పుకొని బ్రతికేవానికి తగిన పని కాదు. ఇన్నేండ్లుగా ధాతువేది, ప్రత్యయమేది అని విడదీసి చూపితే అడిగినవారు తృప్తిపడి వెళ్ళేవారు. మొన్నటి వేసవిలో మాత్రము ధాతుప్రత్యయములు రెండును నన్ను ఆదుకొనలేదు.

వచ్చినది నా పాత శిష్యురాలు. ఖమ్మములో మా దగ్గర డిగ్రీ చదివి, తరువాత నర్సు శిక్షణ పొంది, ఇప్పుడు భద్రాచలమునకు ఎగువన, దుమ్ముగూడెము దాటిన పిమ్మట వచ్చే అడవి అంచు పల్లెలలో ఆరోగ్య కార్యకర్తగా తిరుగుతున్నది. ఇంటిలో మాటలాడేది కోయ, బడిలో నేర్చినది తెలుగు. చేతిసంచిలో నుండి ఒక అచ్చు కాగితము తీసి నా ముందు పెట్టినది.

“సార్, ఈ గడిలో ఉన్న మాటను మా ఊళ్ళల్లో ఎట్లా అడగాలి?”

గడిలో ఇంగ్లీషున ‘సెక్సువల్ ఇంటర్‌కోర్సు’ అని ఉన్నది. దాని క్రింద తెలుగున ఒకచోట ‘సంభోగము’ అనియు, మరొకచోట ‘లైంగిక సంపర్కము’ అనియు ఉన్నది.

“సంభోగం అంటే మగవాళ్ళు నవ్వుతున్నారు సార్. ఆడవాళ్ళు లేచిపోతున్నారు. సంపర్కం అంటే ఫోనులో కలవటమా అమ్మా అని ఒక తాత అడిగాడు.”

నేను నవ్వినాను. ఆమె నవ్వలేదు. అంతకు నెల క్రిందట ఒక శిబిరములో జరిగిన సంగతి చెప్పినది. కడుపునొప్పితో వచ్చిన ఒక యిల్లాలిని అక్కడివారు ఈ ప్రశ్నయే అడిగినారట. “ఈ మధ్య సంభోగం జరిగిందా?” ఆమె ముఖము ఎర్రచేసుకొని “లేదు” అన్నది. ఆ ‘లేదు’ను నమ్మి, గర్భవతులకు ఇవ్వరాని మందు వ్రాసినారు. మందు మ్రింగకముందే నా శిష్యురాలు అడ్డుపడి ఇంకొక విధముగా అడిగితే తేలినది: ఆమెకు మూడవ నెల. మరి లేదని ఎందుకు చెప్పినావంటే, “నాకు మొగుడున్నాడమ్మా, నేను భోగందాన్నా?” అన్నదట.

ఆ రాత్రి నేను నిఘంటువులు ముందు వేసుకొని కూర్చున్నాను.

ముందుగా ఆ ఇంగ్లీషు మాట సంగతి. ‘ఇంటర్‌కోర్సు’ పుట్టుకలో సిగ్గుపడవలసినది ఏమియు లేదు. లాటిను భాషలో ‘నడుమ పరుగెత్తుట’ అని దాని మూలార్థము. రెండు ఊళ్ళ నడుమ, రెండు దేశముల నడుమ బండ్లు, సరుకులు, మనుషులు వచ్చుచు పోవుచు ఉండుటకు ఆ పేరు. తరువాత మనుషుల మధ్య రాకపోకలకు, మాటామంతీకి వచ్చినది. జేన్ ఆస్టెన్ నవలలలో పెద్దింటి స్త్రీలు ఇరుగుపొరుగుతో నెరపే ఇంటర్‌కోర్సు అనగా ఇంటికి పోయి తేనీరు త్రాగి వచ్చుటయే. పదునెనిమిదవ శతాబ్దిలో ఆ మాటకు ముందు ‘సెక్సువల్’ అనే విశేషణము చేర్చి, చెప్పరానిదానిని మర్యాదగా చెప్పుటకు వాడసాగినారు. కొంతకాలమునకు విశేషణము రాలిపోయినా ఆ అర్థము మాత్రము అంటిపెట్టుకొని మిగిలినది. ఇప్పుడు ఆ మాట వర్తకములో వాడితే పిల్లలు నవ్వుతారు. అయినను మన రాజ్యాంగము పదమూడవ భాగమున 301వ అధికరణము దేశమంతట వ్యాపారమును, వాణిజ్యమును, ఇంటర్‌కోర్సును స్వేచ్ఛగా సాగనీయవలెనని చెప్పుచున్నది. అది వెదురు లారీకి, మిరప బస్తాకు వర్తించే ఇంటర్‌కోర్సు.

వైద్యులు వాడే ‘కాయిటస్’ కూడ లాటినుదే. ‘కూడి వెళ్ళుట’ అని అర్థము. ఇక్కడ నేను ఒక నిమిషము ఆగిపోయినాను. కూడి వెళ్ళుట అనగా సంస్కృతమున ‘సంగమము’ కాదా? ‘సమ్’ అనగా కూడి, ‘గమ్’ అనగా వెళ్ళు. అక్షరమునకు అక్షరము అదే మాట. కాని తెలుగువానికి సంగమము అనగానే నది గుర్తుకు వస్తుంది. కూనవరము దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలిసేచోటు మనకు సంగమము. 2014లో ఆ మండలము ఆంధ్రప్రదేశ్‌లోనికి పోయినా, ఆ మాట మాత్రము ఇరువైపుల వారికీ ఉమ్మడిగానే ఉన్నది.

ఇంకొంచెము తవ్వితే ఇంకొకటి దొరికినది. ఇంటర్‌కోర్సు ‘నడుమ పరుగెత్తుట’ అయితే, ‘సంసారము’లోని ‘సృ’ ధాతువునకు అర్థము ప్రవహించుట, సాగిపోవుట. కూడి సాగిపోవుట సంసారము. వేదాంతులు దానిని జననమరణ ప్రవాహముగా చేసినారు. తెలుగు ఇల్లాలు దానిని భర్త, పిల్లలు, పొయ్యి, పాడిగా చేసుకొన్నది. పల్లెలలో మంత్రసానులు, పెద్దామెలు కొత్తకోడలిని చాటుగా అడిగే ప్రశ్న కూడ “సంసారం బాగుందా?” అనియే. అందులో ఏది అడుగుతున్నదీ ఇద్దరికీ తెలుసు. మూడవది, న్యాయస్థానములలో వినిపించే ‘కోహాబిటేషన్’. కలిసి నివసించుట. అదే మన ‘కాపురము’. ఒకచోట నివాసమని మొదటి అర్థము, దంపతుల బ్రతుకని రెండవది, మూడవది ఎవరూ పైకి చెప్పకయే తెలిసేది. కాయిటస్‌కు సంగమము, ఇంటర్‌కోర్సునకు సంసారము, కోహాబిటేషన్‌కు కాపురము. లాటినువారూ మనమూ ఎన్నడూ ఒకరినొకరు అడుగకయే ఒకే దారిన నడిచినాము. ఈ చాటు ఒక దేశపు సిగ్గు కాదు.

అమరసింహుడు తన కోశమున రెండవ కాండలో దీనికి ఐదు పర్యాయపదములు ఇచ్చినాడు. మైథునము, రతము, నిధువనము, వ్యవాయము, గ్రామ్యధర్మము. మొదటిది మిథునము నుండి వచ్చినది, అనగా జంట నుండి. మిథునరాశి ప్రతి పంచాంగములోను ఉన్నది, ముత్తవ్వలు కూడ ఆ రాశిఫలము చదివించుకొని వింటారు, ఎవరికీ సిగ్గు లేదు. ‘త’ను ‘థ’ను అటూ ఇటూ జరపకయే, ‘మి’కి ఒక్క వృద్ధి చేస్తే మాత్రము పుస్తకము మూసివేయవలసి వస్తుంది. ‘వ్యవాయము’ వ్యాకరణము చదివినవారికి పాత నేస్తము. రెండు వర్ణముల నడుమ మరియొకటి వచ్చి నిలుచుటను వ్యవాయమంటారు. అక్కడ కూడ ‘నడుమ’యే. నన్ను ఎక్కువగా నిలిపినది ఐదవది. గ్రామ్యధర్మమట. పల్లెవారి ధర్మమట. ఆ పదము వింటే ఏ పల్లెవాడూ అది తనదని గుర్తుపట్టడు. పల్లెవాని పేరు పెట్టి పండితుడు తన కోసము చేసుకొన్న మాట అది.

అచ్చతెలుగున మాట లేకపోలేదు. ‘కవ’ అనగా జంట. కవలలు అనే మాటలో ఇప్పటికీ బ్రతికి ఉన్నది. ‘కవయు’ అనగా జంటగూడుట. ఎంత పొదుపైన మాట! కాని పద్యములతో పాటే పోయినది, ఎవ్వరూ వాడరు. ‘కూటమి’ మాత్రము విచిత్రముగా బ్రతికినది. ప్రబంధములలో నాయికానాయకుల కలయికకు పేరైన ఆ మాట నేడు దినపత్రికల మొదటి పుటలో రాజకీయ పక్షముల పొత్తునకు పేరైనది. ప్రబంధము పాఠము చెప్పేటప్పుడు ‘కూటమి’ అనే మాట వస్తే నా తరగతిలోని పిల్లలు ఇప్పుడు సీట్ల సర్దుబాటు గురించి అనుకొంటున్నారు. ఆ విధముగా గురువునకు కొంత ఇబ్బంది తప్పినది.

‘సంభోగము’ సంగతి వేరు. అలంకారశాస్త్రమున శృంగారము రెండు విధములు, సంభోగము, విప్రలంభము అని ప్రతి సంవత్సరమూ నేను బోర్డు మీద వ్రాస్తూనే ఉన్నాను. వెనుక బెంచీలలో ప్రతి సంవత్సరమూ అదే దగ్గు. ఆలంకారికుల సంభోగము చాల విశాలమైనది. కలిసియున్న ప్రేయసీప్రియులు ఒకరినొకరు చూచుకొనుట కూడ అందులోనిదే, మాటలాడుకొనుట కూడ అందులోనిదే. విశాలమైన మాటలే ఈ పనికి ఎందుకు చిక్కుతాయో! ఇంటర్‌కోర్సు గతి ఏమైనదో సంభోగము గతియు అదే అయినది. పైగా తెలుగున దానికి మరొక గ్రహచారము పట్టినది. దేవాలయములలో ఆడిపాడే స్త్రీల కులమునకు మనవారు ‘భోగము’ అని పేరు పెట్టినారు. 1947 మద్రాసు చట్టము, 1988 ఆంధ్రప్రదేశ్ చట్టము దేవదాసీ ఆచారమును నిషేధించినవి గాని, ఆ మాటలోని మచ్చను ఏ చట్టమూ తుడువలేదు. భోగము అనే శబ్దము చెవిన పడగానే పల్లె స్త్రీకి తిట్టు వినబడుతుంది. శిబిరములోని యిల్లాలు ‘లేదు’ అన్నది వైద్యునికి కాదు, ఆ తిట్టుకు.

కలములకు కూడ ఈ చిక్కు కలిగినది. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని వ్రాసిన ‘రాధికాసాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి వావిళ్ళవారిచేత అచ్చు వేయించినప్పుడు, ప్రభుత్వము వారి తెలుగు అనువాదకుడు అందులో కొన్ని భాగములు అశ్లీలమని నివేదించినాడు. 1911లో ప్రతులను పట్టుకొన్నారు. 1947లో నిషేధము తొలగినది, 1952లో మరల అచ్చయినది. పురుషులు వ్రాసిన ఇట్టి కావ్యములు పాఠ్యగ్రంథములుగా ఉన్నవని నాగరత్నమ్మ ఆనాడే అడిగినది. ఒక స్త్రీ తన నోట చెప్పినప్పుడే ఆ మాటలు ఇంగ్లీషులోనికి పోయి, అక్కడ నేరమై తిరిగివచ్చినవి.

నేను పుట్టిపెరిగిన ఈ సరిహద్దులో ఈ మాటలు ఇంకొక విధముగా కూడ చీలినవి. 1860లో నైజాముతో జరిగిన ఒడంబడిక వలన గోదావరి ఎడమగట్టు, అందలి భద్రాచలముతో కూడ, ఇంగ్లీషువారికి పోయినది. భారత శిక్షాస్మృతి పుట్టినదియు ఆ సంవత్సరముననే. కుడిగట్టు, ఖమ్మముతో కూడ, 1948 సెప్టెంబరు వరకు నైజాము రాజ్యములోనిది. రెండు గట్లు ఒక జిల్లాలోనికి వచ్చినది 1959లో. నైజాము కాలమున ఒక గట్టున కోర్టు కాగితము ఇంగ్లీషున నడిచినది, ఎదుటి గట్టున ఉర్దూన నడిచినది. ఉర్దూన ఈ పనికి ‘హమ్‌బిస్తరీ’ అంటారు, ఒకే పడక పంచుకొనుట. ‘ముబాషరత్’ అని మరియొకటి, దాని మూలము చర్మము అనే అరబ్బీ మాట, అనగా మేనికి మేను తాకుట. పడక పేరుతో చెప్పుట మన పల్లెలకు కొత్త కాదు. “వాళ్ళిద్దరూ పండుకున్నారు” అంటే నిద్రపోయినారని మా వైపు ఎవరూ అనుకొనరు. మామ ఇంట్లో అల్లుడు పండుకొన్నాడంటే మాత్రము నిద్రయే. సందర్భమే నిఘంటువు.

పశువులకు వస్తే ఈ చాటు అవసరము లేదు. ఆవు ఎదకు వచ్చినది, దాటించినాము, చూలు కట్టినది అని పిల్లల ముందరనే చెప్పుకొంటారు. గొడ్డు విషయమున సాఫీగా చెప్పగల రైతు, వైద్యుని ఎదుట తన విషయము వచ్చేసరికి గోడ వైపు చూస్తాడు. మనుషులకు మాత్రము శుభకార్యపు మాటలున్నవి: శోభనము, కార్యము, పునస్సంధానము, గర్భాధానము. అవి వేడుకకు పేర్లు గాని పనికి పేర్లు కావు. 1891లో సమ్మతి వయస్సును పదేండ్ల నుండి పండ్రెండేండ్లకు పెంచే బిల్లు వచ్చినప్పుడు, అడ్డుపడినవారు పట్టుకొన్న మాట గర్భాధానము. అది సంస్కారము, దానిలో సర్కారునకు పని లేదన్నారు. చట్టము మాటలాడినది పిల్ల దేహమును గురించి. వేడుక పేరు పెట్టేసరికి ఆ దేహము కనబడకుండ పోయినది.

ఇదంతయు పండితుల వినోదముగా మిగిలియుండును. కాని పదేండ్ల క్రిందట చూచిన ఒక కాగితము నాకు మరల గుర్తుకు వచ్చినది. వకీలుగా ఉన్న ఒక మిత్రుడు ఆనాడు ఒక వాంగ్మూలము తెచ్చి, ఇందులో తెలుగు సరిగా ఉన్నదా చూడుమన్నాడు. ఏ కోర్టు, ఏ ఊరు అన్నది ఇక్కడ అనవసరము. అడవి పల్లెకు చెందిన ఒక స్త్రీ తనకు వచ్చిన తెలుగున చెప్పుకొన్న మాటలు మూడే: “నా మీద పడ్డాడు. వద్దన్నాను. నోరు మూసాడు.” అవి ఇంగ్లీషున వ్రాయబడినప్పుడు అతడు ‘ఆమెతో సెక్సువల్ ఇంటర్‌కోర్సు’ జరిపినట్లు మారినవి. ఆ ఇంగ్లీషును ఆమెకు చదివి వినిపించుటకు మరల తెలుగు చేసినప్పుడు ‘ఆమెతో బలవంతముగా సంభోగము చేసెను’ అయినది. విచారణ నాడు ప్రతిపక్షపు వకీలు ఆ మాట చూపి, నీవు ఇట్లు చెప్పినావా అని అడిగినాడు. ఆమె లేదన్నది. తాను చెప్పని మాటను చెప్పలేదన్నది. ఆ ‘లేదు’ వైరుధ్యమై, అరగంట సేపు దాని మీదనే నడిచినదట.

ఆనాడు నేను వర్ణక్రమదోషములు దిద్ది కాగితము తిరిగి ఇచ్చినాను. తప్పు ఎక్కడ ఉన్నదో నాకు పట్టలేదు. శిష్యురాలు వచ్చిపోయిన రాత్రి పట్టినది. తప్పు విభక్తిలో ఉన్నది.

‘ఆమెతో’ అన్నాము. ‘తో’ తృతీయ. సహార్థమున వస్తుంది. రామునితో లక్ష్మణుడు అడవికి పోయినాడంటే ఇద్దరూ నడిచినారు, ఇద్దరూ కర్తలే. ‘ఆమెతో సంభోగము చేసెను’ అంటే వ్యాకరణము ఆమెను ఆ పనిలో భాగస్వామినిగా నిలబెట్టినది. దాని ముందు ‘బలవంతముగా’ అనే క్రియావిశేషణము పెట్టినంత మాత్రమున ‘తో’ చెప్పిన సాక్ష్యము చెరిగిపోదు. పైగా ‘సమ్’ అనే ఉపసర్గ కూడ అదే సాక్ష్యము చెప్పుచున్నది: కూడి, చేరి, కలిసి. భోగము సరేసరి. పల్లె స్త్రీ వాడిన వాక్యములో ఇవేవీ లేవు. ‘నా మీద’ అన్నది. ఆమె వాక్యమున కర్త ఒక్కడే. మా ప్రాంతపు పాత మాట ‘చెరచు’ కూడ ద్వితీయనే కోరుతుంది. ‘ఆమెను’ చెరచినాడు గాని ‘ఆమెతో’ చెరచినాడు అనుట ఏ తెలుగువాని నోటను రాదు. ఆ మాటలో కూడ దోషమున్నది. చెడినది ఆమె అన్నట్లుగా ఉంటుంది. ‘మానభంగము’లోను అంతే, విరిగినది ఆమె మానమట. ‘అత్యాచారము’ కొంత మేలు, హద్దు మీరినది వాని నడవడియే. ఏది ఏమైనను ఇంగ్లీషులోని ‘విత్ హర్’ను మనము ‘ఆమెతో’ అని ఒక్క అక్షరము తప్పకుండ అనువదించి, ఒక్క అక్షరములో ఆమెను ముంచినాము.

ఇది నా ఊహ మాత్రమే అనుకొనేవారు మథుర కేసు చూడవచ్చును. మన గోదావరిలోనికి ప్రాణహితగా వచ్చి చేరే వైనగంగ దాపున, మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీసు ఠాణాలో 1972లో ఒక ఆదివాసీ బాలికపై పోలీసులు జరిపిన దౌర్జన్యము అది. క్రింది కోర్టు సెక్సువల్ ఇంటర్‌కోర్సునకును బలాత్కారమునకును చాల భేదమున్నదని చెప్పి, మొదటిదే ఋజువైనదని, ఆమె అందుకు అలవాటుపడినదని నిందితులను విడిచిపెట్టినది. బొంబాయి హైకోర్టు నాగపూరు బెంచి ఆ తీర్పును త్రోసి శిక్ష వేసినది. భయముతో ఊరకుండుట సమ్మతి కాదన్నది. 1978లో సుప్రీంకోర్టు మరల నిందితులను విడిచినది. 1979లో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ వ్రాసినారు. దేశమంతట కదలిక వచ్చి 1983లో చట్టము మారినది. ఒక మాటను వేరొక మాట నుండి విడదీయుటకు పదునొకండు సంవత్సరములు పట్టినవి.

2013 సవరణతో బలాత్కార నిర్వచనమున ఆ పాత మాట తొలగినది. ఏ అవయవమునకు ఏమి చేసినాడో విప్పి చెప్పినారు. చదువుటకు మోటుగా ఉంటుంది, నిజమే. ఆ మోటుదనమే సత్యమునకు దగ్గర. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులకు, వకీళ్ళకు ఏ మాట వాడవలెనో, ఏది విడువవలెనో చెప్పుచు ఒక చేతిపుస్తకము కూడ వెలువరించినది. 2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానమున వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడ 2013 నాటి వివరణయే సాగినది. కాని మర్యాదగల ఆ పాత మాట ఒక మూల ఇంకను దాగియున్నది. భర్త తన భార్యతో, ఆమెకు పదునెనిమిదేండ్లు నిండియుంటే, జరిపే సెక్సువల్ ఇంటర్‌కోర్సు బలాత్కారము కాదనే మినహాయింపులో. ఆమె వద్దన్నా సరే, అక్కడ ‘తో’యే నిలిచినది.

ఈ సంగతి మన హైకోర్టులోనే ఒకసారి నిలువునా ప్రశ్నకు వచ్చినది. హిందూ వివాహ చట్టము, 1955లోని తొమ్మిదవ సెక్షను దాంపత్య హక్కుల పునరుద్ధరణము. మన పల్లెలలో దానిని ‘కాపురానికి రమ్మనే దావా’ అంటారు. సినీనటి సరితను కాపురమునకు పంపుమని ఆమె భర్త కడప కోర్టులో దావా వేయగా, అది హైకోర్టుకు వచ్చినప్పుడు 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినాడు. కలిసి నివసించుమనే ఆజ్ఞ చాటున దేహమునకు సంబంధించిన నిర్ణయమును స్త్రీ చేతి నుండి తీసి రాజ్యమునకు అప్పగించుట జరుగుచున్నదన్నది ఆయన తర్కము. చౌదరిగారు కాపురము అనే మాట విప్పి, లోపలి మూడవ అర్థమును బల్ల మీద పెట్టినారు. మరుసటి సంవత్సరము వేరొక కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయమును త్రోసిపుచ్చి, కాపురమనగా అదొక్కటియే కాదన్నది. నిఘంటువు ప్రకారము సుప్రీంకోర్టు చెప్పినది తప్పు కాదు. అయినను, ఆ మాట వినవలసి వచ్చిన స్త్రీ చెవితో విన్నది చౌదరిగారే అని నా అభిప్రాయము.

మూడు రోజులకు శిష్యురాలు మరల వచ్చినది. నేను నా పట్టిక చూపినాను.

“ఇదిగో అమ్మా, ఒక్క మాట ఇవ్వలేను. రెండు ఇస్తాను. పెళ్ళయినామెను ఆరోగ్యము కోసము అడిగేటప్పుడు ‘సంసారం’ అను. ‘మీ ఇంటాయన, మీరు ఈ నెలలో సంసారం చేశారా’ అని అడుగు. బలవంతము జరిగిందన్న అనుమానము ఉన్నచోట మాత్రము సంసారమూ వద్దు, సంభోగమూ వద్దు, సంపర్కమూ వద్దు. ‘సం’ ఉన్న ఏ మాటా నీ నోట రానీయకు. ‘నిన్ను ఏం చేశాడు’ అని అడుగు. ఆమె చెప్పినది చెప్పినట్లే వ్రాయి.”

“అట్లా రాస్తే పైవాళ్ళు గడిలో మాట లేదంటారు సార్.”

“గడి ప్రక్కన వ్రాయి.”

ఆమె పెన్సిలుతో అంచున వ్రాసుకొన్నది. వ్రాసి ఒక క్షణము ఆగినది.

“పెళ్ళి కాని పిల్లను సంసారం అని ఎట్లా అడగాలి సార్?”

నాకు తోచలేదు. ‘కలిసినారా’ అనవచ్చునేమో అన్నాను. “కలవటం అంటే బస్టాండులో కూడా కలుస్తారు కదా సార్” అన్నది. నిజమే. ఇంటర్‌కోర్సునకు కూడ ఒకనాడు అంతే అర్థము.

“మరి కోయలో?” అని ఈసారి నేనే అడిగినాను.

“మా అత్తను అడగాలి. నాకు అడగటానికి సిగ్గు సార్.” అప్పుడు మొదటిసారి నవ్వినది. చర్ల బస్సుకు వేళయినదని కాగితము మడిచి సంచిలో పెట్టుకొన్నది.